దేవుడు పంపిన అతిథి: కిర్గిజ్ పర్వత దేశంలో బాటసారుల అన్నపానాలు

'అతిథి' అనే మాటకు మన పెద్దలు చెప్పే అర్థం ఒకటున్నది. తిథి చెప్పకుండా వచ్చేవాడు అతిథి. పిలుపు అందుకొని వచ్చినవాడు చుట్టమో, స్నేహితుడో అవుతాడు గాని ఆ మాటకు అసలైన హక్కుదారు కాడు. ఈ భావానికి సరిగ్గా సరిపోయే పదబంధం మధ్య ఆసియాలోని ఒక చిన్న పర్వత దేశంలో వాడుకలో ఉన్నది. ముందుగా కబురు లేకుండా గుమ్మం ముందుకు వచ్చిన బాటసారిని కిర్గిజ్ ప్రజలు 'కుదాయి కోనోక్' అంటారు. 'కోనోక్' అంటే అతిథి. 'కుదాయి' అన్నది మన ఉర్దూ విద్యార్థులకు చిరపరిచితమైన 'ఖుదా' శబ్దం నుండి వచ్చినదే. దేవుడు పంపిన అతిథి అని దాని తాత్పర్యం.

ఆ దేశంలో బాటసారి ఏమి తింటాడు, ఏమి తాగుతాడు, అతనికి పెట్టేవారు ఏ నియమాలు పాటిస్తారు అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలించదలచినాము. తిండి గూర్చి పాఠమేమిటని కొందరికి తోచవచ్చు. ఒక జాతి తన అతిథికి పెట్టే అన్నంలో ఆ జాతి భూగోళం, చరిత్ర, ధర్మం మూడూ కలిసి ఉంటాయని మా అభిప్రాయం.

దేశం, దారులు

కిర్గిజ్‌స్తాన్ వైశాల్యం సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్లు. 2014 వరకు ఉన్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వైశాల్యం దాదాపు 2 లక్షల 75 వేలు. అంటే దానికంటే ఇది చిన్నది. జనాభా 70 లక్షలకు కొంచెం ఎక్కువ. నేటి హైదరాబాదు మహానగర జనాభా కంటే తక్కువ. ఈ భూమిలో నూటికి 90 పాళ్లకు పైగా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉన్నది. తియాన్ షాన్ పర్వతశ్రేణులు దేశమంతటా పరచుకున్నాయి. వాటిలో అత్యున్నత శిఖరం 7,439 మీటర్లు. 1991 ఆగస్టు 31న సోవియట్ యూనియన్ నుండి స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఈ దేశంలో అధిక సంఖ్యాకులు హనఫీ సంప్రదాయాన్ని అనుసరించే సున్నీ ముస్లిములు.

ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల వరకు కిర్గిజులలో ఎక్కువమంది పశువులతో సంచరించేవారు. వేసవిలో మందలను ఎత్తైన పచ్చిక బయళ్లకు తోలుకొని పోయి, చలికాలానికి లోయలలోకి దిగేవారు. ఉన్నిని ఒత్తి చేసిన కంబళ్లతో కప్పే గుండ్రని గుడారమే వారి ఇల్లు. అట్టి దేశంలో పూటకూళ్ల ఇళ్లు ఎక్కడుంటాయి? పెద్ద వర్తక మార్గాల మీద మాత్రం సరాయిలు ఉండేవి. చైనా సరిహద్దు దిక్కున, సుమారు 3,200 మీటర్ల ఎత్తున, 'తాష్ రబాత్' అనే రాతి సరాయి నేటికీ నిలిచి ఉన్నది. దానిని 15వ శతాబ్దికి చెందినదిగా సాధారణంగా పరిగణిస్తారు. కాని దారి తప్పినవానికి, మంచులో చిక్కినవానికి, కనబడిన మొదటి గుడారమే సరాయి. నేడు అన్నం పెట్టినవాడు రేపు తానే బాటసారి అవుతాడు. వారి అతిథి ధర్మానికి పునాది ఈ ఎరుకయే.

మూటలోని ఆహారం

మన పల్లెలలో ప్రయాణానికి బయలుదేరేవానికి సద్దిమూట కట్టి ఇచ్చేవారు. కిర్గిజ్ బాటసారి సద్దిమూటలో ముఖ్యంగా మూడు వస్తువులు ఉంటాయి. మొదటిది 'కురుత్'. పెరుగును గుడ్డలో కట్టి నీరంతా కారిపోనిచ్చి, మిగిలిన గట్టి ముద్దలో ఉప్పు కలిపి, చిన్న ఉండలుగా చుట్టి ఎండలో ఆరబెడతారు. ఉండలు రాయివలె గట్టిపడతాయి. తేమ లేకపోవడం, పులుపు, ఉప్పు ఈ మూడూ కలిసి సూక్ష్మజీవులను దరిచేరనీయవు. కనుక కురుత్ నెలల తరబడి చెడదు. ఒక ఉండను బుగ్గన పెట్టుకొని గుర్రం మీద సాగిపోవచ్చు. వేడినీటిలో కరిగిస్తే పులుసువంటి పానీయం అవుతుంది. మా పూర్వ విద్యార్థి ఒకరు వైద్య విద్య కోసం బిష్కెక్ నగరానికి వెళ్లిన మొదటి నెలలో ఎవరో ప్రేమతో చేతిలో పెట్టిన కురుత్‌ను సుద్దముక్క అనుకొని జేబులో వేసుకున్నాడట. చలికాలం వచ్చేసరికి దానిని తానే కొని తినడం మొదలుపెట్టాడు.

రెండవది 'తల్కాన్'. బార్లీ, గోధుమ, మొక్కజొన్న వంటి ధాన్యాన్ని వేయించి విసిరిన పిండి ఇది. దీనిని పాలలోనో, వెన్నతోనో, ఏదీ లేనప్పుడు ఉత్త నీటిలోనో కలుపుకొని తింటారు. తెలుగు పాఠకులకు ఇది వింత కాదు. తొలి ఏకాదశినాడు మన ఇళ్లలో చేసే పేలపిండి, సద్దుల బతుకమ్మనాడు పంచుకునే సత్తుపిండి దీనికి అక్కచెల్లెళ్ల వంటివి. అయితే పర్వతాలలో తల్కాన్‌కు ఒక ప్రత్యేక ప్రయోజనమున్నది. ఎత్తుకు పోయినకొద్దీ వాయుపీడనం తగ్గి నీరు తక్కువ వేడికే మరుగుతుంది. 3,000 మీటర్ల ఎత్తున సుమారు 90 డిగ్రీలకే నీరు మరిగిపోతుంది కనుక గింజలు, పప్పులు త్వరగా ఉడకవు. పైగా చెట్లు లేనిచోట వంటచెరకు దొరకదు. ముందే నిప్పు చూసిన పిండికి మళ్లీ నిప్పు అక్కరలేదు. ఆ పర్వతవాసుల తెలివి ఇందులో కనిపిస్తుంది.

మూడవది 'బూర్సోక్'. పులిసిన పిండిని చిన్న ముక్కలుగా కోసి నూనెలోనో, కొవ్వులోనో వేయించినవి ఇవి. ప్రయాణానికీ పనికివస్తాయి, పండుగకూ పనికివస్తాయి. అతిథి రాగానే పరచిన గుడ్డ మీద గుప్పెళ్లతో వెదజల్లుతారు. ఆ గుడ్డ పేరు 'దస్తోర్కోన్'. మన ఇళ్లలోని దస్తర్‌ఖాన్ అన్న మాటే. మరణించిన పెద్దలను తలచుకొని బూర్సోక్ వేయించి, ఆ వాసనను వారికి అంకితంగా భావించి, ఖుర్ఆన్ పఠించే ఆచారం కూడా అక్కడ ఉన్నది. బాటసారికి, పండుగకు, పరలోకం చేరినవారికి ఒకే వంటకం చెందడం గమనింపదగిన విషయం.

గుమ్మంలో రొట్టె

ఇక గుడారంలో లభించే ఆహారాన్ని చూద్దాము. అందులో ప్రథమ స్థానం రొట్టెది. వారు దానిని 'నాన్' అనే అంటారు. రొట్టెను నేల మీద పెట్టరు, బోర్లించి ఉంచరు. అతిథికి కూర్చునే తీరిక లేకపోయినా సరే, ఒక ముక్క తుంచి నోట వేసుకొనిగాని కదలకూడదు. ఇంటివారు గుమ్మం దాకా రొట్టె తెచ్చి పట్టుకొంటారు. 'నోరు తాకించు' అని అర్థమిచ్చే మాట ఈ సందర్భంలో వారి వాడుక. కడుపు నిండా తిని తీరాలన్న నిర్బంధం లేదు. ఒక్క తునక చాలు. ఆ తునకతో ఇంటికీ బాటసారికీ మధ్య ఒక ఒప్పందం కుదిరినట్లే. ఉప్పు తిన్న విశ్వాసమని మనమనేది ఇట్టి దానినే.

ఆ ప్రాంతపు రొట్టె సంస్కృతికి అంతర్జాతీయ గౌరవం కూడా లభించినది. కిర్గిజ్‌స్తాన్‌తోబాటు ఇరాన్, తుర్కీ, అజర్‌బైజాన్, కజకస్తాన్ దేశాలలో పలుచని రొట్టెలు చేసి పంచుకునే సంప్రదాయాన్ని యునెస్కో 2016లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. కేవలం తయారీని గాక, పంచుకోవడాన్ని కూడా అందులో పేర్కొనడం ఉచితంగా ఉన్నది.

పానీయాలు

పానీయాలలో ప్రసిద్ధమైనది 'కిమిజ్', అనగా పులియబెట్టిన గుర్రపు పాలు. వేసవిలో గుర్రపు పిల్లలను దగ్గర కట్టివేసి తల్లులను రోజుకు అనేక పర్యాయాలు పిండుతారు. ఆ పాలను పొగపట్టిన తోలుసంచిలో పోసి, పాత కిమిజ్ కొంత తోడు వేసి, కవ్వంతో మాటిమాటికి చిలుకుతారు. ఆ కవ్వం పేరు 'బిష్కెక్'; రాజధాని నగరం పేరూ అదే. ఆవుపాల కంటే గుర్రపు పాలలో చక్కెర ఎక్కువ కనుక పులిసినప్పుడు ఆమ్లంతోబాటు స్వల్పంగా మత్తుపదార్థమూ పుడుతుంది.

దీనిని ముస్లిములు తాగవచ్చునా అన్న ప్రశ్న మన విద్యార్థులు అడుగుతారు. ధర్మశాస్త్ర విచారం మా పరిధిలోనిది కాదు. కాని ఒక బాటసారి ఉదాహరణ చెప్పవచ్చును. 14వ శతాబ్ది యాత్రికుడు ఇబ్న్ బతూతా ఉత్తరాన ఉన్న కిప్చాక్ మైదానాలలో సంచరించినప్పుడు అతనికి కిమిజ్ ఇచ్చారు. అతడు అంతవరకు దాని రుచి ఎరుగడు. తిరస్కరించడం మర్యాద కాదని రుచి చూచి, నచ్చక, పక్కనున్న సహచరునికి అందించాడు. ఇచ్చినవాని మాట దక్కింది. తాగనివాని ఇష్టమూ దక్కింది.

మత్తు లేని పానీయాలు కూడా అనేకం. పెరుగును పలుచన చేసిన 'చలాప్' మన మజ్జిగకు దగ్గర. వేయించిన ధాన్యపు పిండిని కాచి పులియబెట్టి ఉప్పు వేసిన 'మక్సిమ్' మన అంబలిని తలపిస్తుంది. వేసవిలో నగర వీధుల మూలలలో పీపాల నుండి దీనిని అమ్ముతారు. తేనీరు మాత్రం ఏ వేళకైనా ఉండవలసిందే. ఉత్తర ప్రాంతంలో నల్ల తేనీరు, దక్షిణాన పచ్చ తేనీరు ఎక్కువ. పర్వతాలలో పాలు, ఉప్పు, వెన్న వేసి కాచడమూ కలదు; చలిలో దేహానికి కావలసిన కొవ్వూ ఉప్పూ అందులోనే లభిస్తాయి.

తేనీరు పోయడంలో ఒక మర్యాద ఉన్నది. చెవిలేని గిన్నెను అంచు దాకా నింపరు. సగం, అంతకంటే తక్కువ పోసి ఇస్తారు. మన ఊళ్లలో అట్లు చేస్తే పిసినారి అంటారు. అక్కడ దాని భావం వేరు. కొంచెం పోస్తే మళ్లీ మళ్లీ పోయవచ్చును, వేడిగా ఇవ్వవచ్చును, అతిథిని ఇంకాసేపు కూర్చోబెట్టవచ్చును. గిన్నె నింపి ఇస్తే, 'తాగి బయలుదేరు' అన్నట్లు.

మాంసం పంపకం

గౌరవ అతిథి వస్తే గొర్రెను కోస్తారు. ఉడికించిన మాంసాన్ని సన్నగా తరిగి, పిండితో చేసిన తీగలతో కలిపి, రసం పోసి చేసే 'బెష్‌బర్మక్' వారి ప్రధాన వంటకం. 'అయిదు వేళ్లు' అని దాని అర్థం. చేతితో తినేది కనుక ఆ పేరు. ఎముకతో కూడిన ముక్కలలో ఏది ఎవరికి చెందాలో వయస్సును, స్థానాన్ని బట్టి నియమమున్నది. భోజనం ముగిశాక అందరూ అరచేతులు ఎత్తి దీవెన పలికి ముఖాన తడుముకుంటారు. మిగిలిన భాగాన్ని అతిథి మూటగట్టుకొని ఇంటికి తీసుకుపోతాడు. దానిని 'కేషిక్' అంటారు. మనలో తబర్రుక్ పట్టుకుపోయి పిల్లల నోట పెట్టే అలవాటును అది జ్ఞప్తికి తెస్తుంది. విందుకు రాని బిడ్డకు కూడా అందులో వాటా ఉన్నది.

అతిథి నియమాన్ని మన్నించడం

పెట్టడం ఒక ఎత్తు. ఎదుటివాని నియమమెరిగి పెట్టడం మరొక ఎత్తు. ఇందుకు చరిత్రలో చక్కని నిదర్శనమున్నది. క్రీ.శ. 630 ప్రాంతంలో చైనా బౌద్ధ యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ మంచు పర్వతాలు దాటి ఈ భూమిలోకి దిగాడు. ఆ కనుమలో అతని వెంట వచ్చినవారిలో పలువురు చలికి, ఆకలికి ప్రాణాలు కోల్పోయారు. నేటి తొక్‌మోక్ పట్టణ సమీపాన ఉండిన సుయాబ్ నగరంలో పశ్చిమ తురుష్కుల ఖాగాన్ అతనిని ఆదరించాడు. సభలో తక్కినవారికి మాంసం, మద్యం వడ్డించారు. ఈ భిక్షువుకు మాత్రం వేరుగా బియ్యపు వంటకాలు, మీగడ, చక్కెర, తేనె, ద్రాక్ష తెప్పించి పెట్టారని అతని జీవిత చరిత్ర చెబుతున్నది. తన అలవాటే అందరి అలవాటు కావాలని ఆ ఖాగాన్ కోరలేదు. ఆ పూట అట్లు ఆదరణ పొందిన యాత్రికుడే కొన్ని సంవత్సరాల తరువాత మన ఆంధ్రదేశానికి వచ్చి ధాన్యకటకాన్ని దర్శించాడు. ఎక్కడో పెట్టిన పిడికెడు అన్నం ఫలితం మన చరిత్ర పుటలలో కూడా చేరినదనుటలో అతిశయోక్తి లేదు.

దక్షిణాన ఉన్న ఓష్ నగరాన్ని గూర్చి బాబర్ తన ఆత్మకథలో ఒక చిన్న ముచ్చట వ్రాశాడు. అక్కడి కొండ కింద మసీదు దగ్గర నీడగల పచ్చిక ఉండేది. దారిన పోయేవారందరూ అక్కడ విశ్రమించేవారు. ఎవరైనా నిద్రపోతే ఊరి కొంటె కుర్రవాళ్లు కాలువనీటిని వారి మీదకు మళ్లించి నవ్వుకునేవారట. అల్లరి ఏ కాలంలోనైనా ఉన్నదే. కాని ఆ అల్లరికి కూడా, బాటసారి అక్కడ నిశ్చింతగా కన్నుమూయగలడన్న నమ్మకమే ఆధారం.

నియమం తప్పిన రోజులు

ఇంతవరకు చెప్పినది ఒక వైపు. రెండవ వైపు చెప్పకపోతే ఈ పాఠం అసత్యమవుతుంది.

1916లో రష్యా చక్రవర్తి ప్రభుత్వం మధ్య ఆసియా పురుషులను యుద్ధకాలపు కూలిపనులకు బలవంతంగా తరలించాలని ఆజ్ఞ ఇచ్చింది. అంతకుముందే పచ్చిక భూములు వలసదారుల పాలయి ఉన్నాయి. ప్రజలు తిరగబడ్డారు. సైన్యం కఠినంగా అణచివేసింది. కిర్గిజులు కుటుంబాలతో, మందలతో చైనా వైపు 4,000 మీటర్లు మించిన కనుమలకు ఎక్కారు. వాటిలో బెదెల్ కనుమ ఒకటి. హ్యూయన్‌త్సాంగ్ దాటినది కూడా అదేనని కొందరు పండితుల ఊహ. వేలాదిమంది ఆ దారులలో చనిపోయారు. ఆ దుర్ఘటనను 'ఉర్కున్' అంటారు. తరతరాలుగా బాటసారులకు పెట్టినవారు ఆనాడు తామే బాటసారులయ్యారు. ఎదురుగా ఏ గుడారమూ లేదు.

2010 జూన్‌లో అదే ఓష్ నగరంలో, పరిసరాలలో కిర్గిజులకు, ఉజ్బెకులకు మధ్య చెలరేగిన హింసలో నాలుగు వందలకు పైగా ప్రాణాలు పోయాయి. ఇరుపక్షాలవారూ ఒకే రొట్టెను గౌరవించేవారే, ఒకే దిక్కుకు తిరిగి నమాజు చేసేవారే. 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల వసతి గృహాల మీద మూకలు దాడి చేశాయి. ఆ నగరంలో మన తెలుగు జిల్లాల పిల్లలు కూడా వైద్యం చదువుతున్నారు. పైన చెప్పిన మా విద్యార్థి ఆ రాత్రి గదిలో దీపాలార్పి కూర్చున్నాడు. రెండు రోజులు బియ్యం, బిస్కట్లతో గడిపామని ఫోనులో చెప్పాడు. "సార్, నా చేతిలో రొట్టె పెట్టిన ఊరే ఇది" అన్నాడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

ఆలోచించగా మాకు తోచినది ఇది. ఆచారం ఒక జాతికి వంశపారంపర్యంగా సంక్రమించిన ఆస్తి వంటిది కాదు. దానిని ప్రతి గుమ్మంలో, ప్రతి పూట, ఎవరో ఒకరు మళ్లీ చేయవలసి ఉంటుంది. చేసిన పూట అది ఉన్నది. చేయని పూట లేదు. దూరదేశపువాడు ఒక పూటకు వస్తే రొట్టె తుంచి ఇవ్వడం సులభం. పక్కనే ఉండిపోయేవానితో పంచుకోవడం కష్టం.

మన గుమ్మం సంగతి

ఇతరుల గుమ్మాలను విమర్శించి మన గుమ్మాన్ని చూడకపోవడం న్యాయం కాదు. మేము ఎం.ఏ. చదివే రోజులలో ఒకసారి రాత్రి ప్రయాణంలో బస్సు ఘాటురోడ్డు మీద చెడిపోయింది. దగ్గరలోని చిన్న పల్లెలో ఒక వృద్ధురాలు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, జొన్నరొట్టె, మిరపకారం, చెంబుడు మజ్జిగ ఇచ్చింది. "తిను నాయనా, తిన్నాక మాట్లాడు" అన్నది. మా పేరు అడగనే లేదు. తెల్లవారి మరొక వాహనంలో పట్టణం చేరి ఒక వసతి గృహంలో గది అడిగాము. ఖాళీ ఉన్నదన్నారు. పుస్తకంలో పేరు వ్రాయబోగా, లేదన్నారు. ఆ రెండు గుమ్మాల మధ్య దూరం ఇరవై మైళ్లు కూడా లేదు. వసతి గృహం మీద కోపం ఏనాడో చల్లారింది. ఆ మజ్జిగ రుచి మాత్రం ఇప్పటికీ నాలుక మీద ఉన్నది.

విద్యార్థులారా! ప్రతి సంవత్సరం పరీక్షల కాలంలో మన కళాశాల కేంద్రానికి పల్లెల నుండి పిల్లలు వస్తారు. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి, వేపచెట్టు కింద కూర్చొని, మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా చదువుకునేవారిని మీరూ చూచినారు, మేమూ చూచినాము. చూచి లోపలికి పోయినాము. వారిలో అన్ని మతాలవారూ ఉంటారు. తినేవి, తిననివి ఎవరికి వారికి వేరుగా ఉంటాయి. ఆ ఖాగాన్‌కు తెలిసిన మర్యాద మనకు తెలియనిది కాదు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వచ్చే పరీక్షల నాటి నుండి ఆ చెట్టు కింద రెండు కడవల మంచినీరు, ఒక బానెడు మజ్జిగ, అందరూ తినదగిన అటుకులో, పేలపిండో ఉంచే ఏర్పాటు చేయవలెనని కోరుతున్నాము. ఖర్చు స్వల్పం. మజ్జిగ చిలికే బాధ్యత తెలుగు శాఖ స్వీకరిస్తుంది. గ్లాసులు కడిగే పని హాస్టల్ విద్యార్థులు వంతులవారీగా చేయగలరని మా నమ్మకం. వచ్చిన పిల్లవానిని హాల్ టికెట్ నెంబరు అడగడానికి లోపల మనుష్యులున్నారు. చెట్టు కింద ఉన్నవారు మాత్రం ఏమీ అడగకుండా ముందు గ్లాసు అందించవలెను.